నాలుగో కూత

కాజీపేట, ఫాతిమానగర్, చర్చి వెనుక గల్లీల మూడో ఇల్లు.
జోజప్ప సారు స్పీకరు తీగలు అమ్ముతున్నడని
చౌరస్తాల ఎవరో చెప్తే పోయిన.

నాది పాత సామాను బేరం.
హన్మకొండల ఇల్లు ఖాళీ చేసేటోళ్ల ఆంప్లిఫయర్లు, డెక్కులు
సగానికి కొంట, ముప్పావుకు అమ్ముత.
ఆ పావు మీదనే నడుస్తది మా ఇల్లు.

చెక్కపెట్టె తెరిచిండు.
మఖ్మల్ గుడ్డ మీద రెండు తీగలు,
జెర్రిపోతులంత లావు, నీలిరంగు అల్లిక,
కొసలకు బంగారు పూత.
వాటి మీద బాణం గుర్తులు గూడ,
ఎటు పోవాల్నో పాటకు తెల్వదన్నట్టు.

"ఎనభై ఆరు వేలు. బిల్లున్నది."
బిల్లు ముట్టలే నేను.
బిల్లు చూస్తే బేరానికి నోరు లేవదు.
"పద్దెనిమిది" అన్న.
నవ్విండు. ముప్పై నాలుగేండ్లు ఇంజిన్ నడిపిన మనిషి,
సిగ్నల్ పడేదాక కదలడు.
"ముందుగాల విను."

టేపు ఆయన పట్టుకున్నదే.
తొంభైలనో అంతకు ముందో
బొగ్గు బండి రాఘవపురం దాటినంక ఆగితే
చీకటి ఇడువకముందు కిటికీలకెల్లి చెయ్యి చాపి పట్టిండట.
ఇంజిన్ ఊపిరి. ఎవరిదో దగ్గు.
తర్వాత దూరంగ, తుమ్మలల్ల, ఒక పిట్ట.

"ఒర్రిందా?"
"ఒర్రింది సారు."
"నాకు ఇనవడది."
ఇంట్ల చక్కెర అయిపోయిందన్నట్టు చెప్పిండు.

మొదలు టేపు పాతదైంది అనుకున్నడట.
తర్వాత స్పీకర్ల మీద అనుమానం.
తర్వాత తీగలు: రాగివి, వెండి పూతవి,
ఆఖరికి గ్రాట్యుటీ పైసలల్లకెల్లి ఈ నీలివి.
తీగ మార్చినప్పుడల్లా పిట్ట ఇంకో తుమ్మ దాటి పోయింది.
ఎంజీఎంల డాక్టరమ్మ కాగితం మీద గీత చూపిచ్చిందట,
కొంత దూరం సాపుగ వచ్చి
గుట్ట అంచుకెల్లి కిందికి దుంకిన గీత.

చాయ్ పెట్టనీకి లోపలికి పోయిండు.
నా జేబుల ఎప్పుడూ ఉంటది
మీటరు పన్నెండు రూపాయల ఎరుపు నలుపు తీగ.
నీలివి పీకిన. నాది చుట్టిన. టేపు వెనక్కి తిప్పిన.
పిట్ట అట్లనే ఒర్రింది.
అగో, ఇంతే గదా అనుకున్న.
పద్దెనిమిది గూడ ఎక్కువే.

"ఎన్నిసార్లు ఒర్రింది?" వంటింట్లకెల్లి.
"మూడు."
గిన్నెల చెంచా ఆగింది.
"నాలుగుండాలె.
నాలుగోది సన్నగుంటది, మొఖం అటు తిప్పుకొని ఒర్రినట్టు."

పైసలు లెక్కపెట్టుకుంట విన్ననా,
నా తీగ మింగిందా,
ఉన్నయే మూడైతే ఇన్నేండ్లల్ల ఆయనే ఒకటి కలుపుకున్నడా.
గబగబ నీలివి తగిలిచ్చిన, మళ్లీ తిప్పిన.
సరిగ్గ అప్పుడే ఇంటెనుక గూడ్సు.
కిటికీ అద్దాలు, గోడ మీది సిలువ, నా పండ్లు, అన్నీ అదిరినయ్.
జోజప్ప సారు చాయ్ గ్లాసులతోని గడపల నిలబడి
కండ్లు మూసుకున్నడు.
"యాభై ఎనిమిది పెట్టెలు. ఒకదాని చక్రం సాపు లేదు" అన్నడు.
బండి పోయేసరికి టేపు ఒడిసి సర్రుమంటున్నది.

మళ్లీ పెట్టుమని నేను అడుగలే.
ఇరవై ఆరు వేల ఐదొందలు ఇచ్చిన.
ఐదొందలెందుకన్నడు. పెట్టెకు అన్న.
టేపు గూడ ఇస్తరా అంటే
అది బేరానికి లేదన్నడు,
డబ్బాల పెట్టి మూత నొక్కిండు, రెండుసార్లు.

హంటర్ రోడ్డు పండ్ల డాక్టరు మూడు రోజులాయె తిరుగుడు.
"ముప్పైకి ఇయ్యి. అసలు తేడా ఏమన్న ఉంటదా?"
ఉంటదని అనలే. ఉండదని అనలే.
బాణం ఎటు పెట్టాల్నో చూపిస్తున్న.